నాలుగో తీగ

స్టేషన్ మాస్టరుగారు మెట్లెక్కి వస్తూ కనిపించగానే మా కోడలు నోట్లో పట్టుకున్న టేపు ముక్కను తీసి మోకాలికి అంటించుకుంది. ఇక మాట్లాడక తప్పదని తనకు తెలిసిపోయింది.

ఆయన కోపిష్టి మనిషి కాదు. మా భయమంతా అదే. అరిచే మనిషైతే అరిచాక చల్లబడతాడు, అప్పుడు ఏదో ఒకటి అడగొచ్చు. ఈయన వంతెన రైలింగు మీద చెయ్యి ఆనించి, ఊపిరి కూడదీసుకుని, పక్కింటివాళ్లతో మాట్లాడినట్టు నెమ్మదిగా మాట్లాడారు.

"చూడమ్మా, దీపాలు పెట్టుకోమని ఒప్పుకున్నది నేనే. తెలుపు తప్ప ఇంకో రంగు వద్దన్నాను. మీరు సరేనన్నారు. ఇందాక గూడ్సు కదిలినప్పుడు నా గదిలోంచి చూశాను. ఎర్రగా వెలిగింది. తర్వాత పచ్చగా. ఆ తర్వాతి రంగుకి పేరేమిటో కూడా నాకు తెలీదు."

"నిజమే సార్."

"పట్టాల మీద ఎరుపంటే ఏమిటో మీ ఇంట్లో ఎవరికీ చెప్పక్కర్లేదు కదా."

చెప్పక్కర్లేదు. మా అబ్బాయి రైలు నడుపుతాడు. ఆ రోజు చీకటి పడే వేళకు ఈ స్టేషన్లో ఆగి వెళ్లే పాసింజరు బండి వాడిదే.

"ఆ పాసింజరు వచ్చేలోపు బాగైతే సరే. లేదంటే స్విచ్ కట్టేసి, పొద్దున్నే అన్నీ దించేయండి. నాకూ మనసొప్పట్లేదు. కానీ డ్రైవరు కన్ను మోసపోకూడదు."

"అలాగే సార్," అంది మా కోడలు. ఇంకేం అనగలదు.

ఆయన నాలుగు మెట్లు దిగి, ఆగి పైకప్పు వైపు ఒకసారి చూశారు. దీపాలు ఏ పాపమూ ఎరగనట్టు తెల్లగా, ఈ చివర నుంచి ఆ చివరికి అలలాగా పారుతున్నాయి.

మా ఊరిని రైలు పట్టాలు రెండు సగాలుగా కోశాయి. బడి ఇటుంది, ఆసుపత్రి అటుంది. రోజూ ఏదో ఒక పని మీద ఊరంతా ఈ కాలివంతెన ఎక్కి దిగాల్సిందే. పైన రేకుల కప్పు, రెండు పక్కలా ఇనప జాలీ. పట్టపగలు కూడా లోపల మసకగా ఉంటుంది. ఏడాది చివరి సెలవులకు అంగళ్లూ, వీధులూ, పార్కు గేటూ అన్నింటికీ దీపాలు కడతారు గానీ, వంతెన జోలికి ఎవరూ పోరు. మా కోడలు పోయింది. ఇన్నేళ్లూ ఇంకొకరి షాపులో ఇళ్లకు వైరింగు చేసి, ఈ ఏడే తన పేరుతో బోర్డు పెట్టుకుంది. ఆ బోర్డు కింద మొదటి పని ఇదే. వెలిగితే ఊరి రెండు సగాలూ ఆ పేరు తెలుసుకుంటాయి. దించాల్సి వస్తే, అదే రెండు సగాల కళ్ల ముందు నిచ్చెనెక్కి దించేదీ తనే.

ఆ పనిలో నా వంతు మీటరు పట్టుకోవడం. డిగ్రీలో ఫిజిక్సు చదివి, జీవితమంతా బీమా ఆఫీసులో పనిచేసినవాణ్ని. మా ఆవిడ పోయాక పగటిపూట ఇంట్లో కుర్చీలు నాకేసి చూస్తున్నట్టు ఉండేది. ఒకరోజు పొద్దున్న మా కోడలు చెప్పులేసుకుంటూ, "మామయ్యా, నాకు మీటరు పట్టుకోవడానికి ఒక మనిషి కావాలి. వస్తారా?" అంది. వెళ్లాను. అప్పటి నుంచి వెళుతూనే ఉన్నాను. మీటరు వెనకాల తగిలించుకోవడానికి ఒక కొక్కెం ఉందనీ, దాన్ని పట్టుకోవడానికి మనిషి అక్కర్లేదనీ నాకు చాలా రోజులకు గాని తెలియలేదు. తెలిసినట్టు నేను చెప్పలేదు. ఆ కొక్కెం ఎప్పుడూ మడిచే ఉంటుంది.

మాతో ఉన్న మూడో మనిషిని అందరూ నిచ్చెన అంటారు. అంత పొడుగు. పాత షాపులో మా కోడలికి పని నేర్పింది ఆయనే. ఈమె బయటికొచ్చినప్పుడు తన సంచి భుజాన వేసుకుని వెనకే వచ్చేశాడు. "నువ్వు లేని షాపులో నా మాట వినేవాళ్లెవరు?" అన్నాడట. ఇక్కడ మాత్రం ఆయన మాట ఎవరు వింటున్నారో నాకు ఇప్పటికీ తెలియదు.

"ఇంకోసారి మొదలెడదాం బాబాయ్," అంది కోడలు.

"మొదలెడదాం. అతుకులన్నీ చూసేశాం. ఇక మిగిలింది నా మోకాళ్ల అతుకులే."

పొద్దుటి నుంచీ జరుగుతున్నది ఇదే. బండి వెళ్లినప్పుడే దీపాలకు పిచ్చెక్కుతోంది. బండి వెళ్తే వంతెన అదురుతుంది. కాబట్టి ఎక్కడో ఒక అతుకు వదులై ఉండాలి. ఇందులో తప్పు పట్టడానికి నాకేమీ కనిపించలేదు. దీపాల పట్టీలు ఒకదానికొకటి కలిసే ప్రతిచోటా కోడలు టేపు విప్పి, తీగలు లాగి చూసి, మళ్లీ అతికింది. దీపాలను ఆడించే కంట్రోలరు పెట్టె మూత తీసి కరెంటు కొలిచింది. నేను ముల్లు చూసి, "పన్నెండు. పన్నెండే. ఇంకా పన్నెండే," అంటూ వచ్చాను. నిన్న బిగించాక పరీక్షించినప్పుడు ఇవే దీపాలు బుద్ధిగా వెలిగాయి. అయితే నిన్న పట్టాలు బాగుచేస్తున్నారని బండ్లు ఆపేశారు.

అదురు కోసం బండి దాకా ఎందుకు ఆగడమని నిచ్చెన వంతెన మధ్యలో నిలబడి ఎగరడం మొదలుపెట్టాడు. ఇనప పలకలు దడదడలాడాయి. దీపాలు చెక్కు చెదరలేదు. కూరగాయల సంచితో అటుగా వస్తున్న ఒక పెద్దావిడ ఆగిపోయింది.

"ఏమైంది నాయనా?"

"డాక్టరు ఎగరమన్నాడు పెద్దమ్మా. రోజుకి వంద."

"ఎంతయ్యాయి?"

"మీరు అడిగేసరికి లెక్క తప్పాను. మళ్లీ మొదటి నుంచి ఎగరాలి."

ఆవిడ ఆయన కాళ్ల వైపు అనుమానంగా చూసి, జాలీ వారగా జరిగి వెళ్లిపోయింది. మా కోడలు నవ్వింది. పొద్దుటి నుంచి అదే మొదటి నవ్వు. వెంటనే పెదవి కొరుక్కుని పట్టాల వైపు చూసింది. ఎండ అప్పటికే ప్లాట్‌ఫారం మీంచి గోడ ఎక్కుతోంది.

నేను పెట్టె పక్కనే నేల మీద చతికిలబడి ఫ్లాస్కు తీశాను. మా ఆవిడ కొన్న ఫ్లాస్కు. మూతే కప్పు. మూత నిండా టీ పోసి, వేడిగా ఉందని పక్కన ఇనప పలక మీద పెట్టి, దీపాలను చూస్తూ కూర్చున్నాను.

వాటిని ఎంత చూసినా నాకు తనివి తీరదు. పట్టీలను షాపులో నేల మీద పరిచిన రోజున మా కోడలు వాటి సంగతి చెప్పింది. ఒక్కో దీపంలో ఆవగింజలో సగం ఉండే బుర్ర ఒకటి ఉంటుంది. తను వరుసలో ఎన్నోదో ఆ దీపానికి తెలియదు. పెట్టెలోంచి ఒక్కో దీపానికీ ఒక్కో మాట చొప్పున బారెడు మాటల వరుస బయలుదేరుతుంది. మొదటి దీపం మొదటి మాటను తనకోసం ఉంచుకుని, మిగతావన్నీ పక్కదానికి అందిస్తుంది. అది తనకు చేరినవాటిలో మొదటిది ఉంచుకుని మిగతావి ఆ పక్కదానికి ఇస్తుంది. అలా అలా వంతెన చివరి దీపం దాకా పోయేసరికి ఒక్క మాట మిగులుతుంది. అది దానిదే. ఇదంతా మనం కన్ను మూసి తెరిచేలోపు ఎన్నోసార్లు అయిపోతుంది.

"మధ్యలో ఎవరూ పక్కవాళ్లది నొక్కెయ్యరా?" అని అడిగాను ఆ రోజు.

"అది మనుషుల క్యూ కాదు మామయ్యా," అంది.

ప్లాట్‌ఫారంలో ఒక బండి వచ్చి ఆగింది. మా వంతెన ప్లాట్‌ఫారం దాటాక, బండ్లు బయలుదేరి వెళ్లే వైపు ఉంటుంది. ఇంజను మాకు దూరంగా, ముఖం ఇటు తిప్పి నిలబడింది. దీపాలు తెల్లగానే ఉన్నాయి. జనం ఎక్కారు, దిగారు. కూత వేసింది. ఇంజను ఇంకా పూర్తిగా కదలనైనా లేదు, నా తల మీద తెల్లటి అల ముక్కలు ముక్కలైంది. ఎరుపు, పచ్చ, గులాబీ, ఏవేవో రంగులు పిడికెడు పిడికెడు విసిరినట్టు వంతెన పొడుగునా చెల్లాచెదురయ్యాయి. మా కోడలు రెండు చేతులతో తల పట్టుకుంది.

నేను మాత్రం టీ వైపు చూశాను. ఎందుకు చూశానంటే ఒలుకుతుందేమోనని. అంతకంటే పెద్ద తెలివేమీ కాదు. మూతలో టీ అద్దంలా ఉంది. దాంట్లో ఎర్ర దీపం నీడ కూడా కదలకుండా కనిపించింది. ఆ తర్వాత ఎంతోసేపటికి బండి మా కిందికి వచ్చినప్పుడు గాని టీ మీద గుండ్రటి అలలు లేవలేదు.

"అమ్మాయ్, టీ కదల్లేదు."

"చల్లారిపోయిందా మామయ్యా? ఉండండి, వేరేది తెప్పిస్తాను."

"చల్లారడం కాదమ్మా. కదల్లేదు. దీపాలు ముందు చెదిరాయి, టీ తర్వాత కదిలింది. వంతెన అదరకముందే వాటికి తెలిసిపోయింది."

తను తల పట్టుకున్న చేతులు అలాగే ఉంచి నా వైపు చూసింది. తర్వాత మూత వైపు, తర్వాత పట్టాల పైన సాగిపోయే లావుపాటి కరెంటు తీగ వైపు.

"అదురు కాదు," అంది మెల్లగా. "ఇంజను లాగడం మొదలెట్టినప్పుడు పై తీగలోంచి ఒక్కసారిగా కరెంటు గుంజుతుంది. ఆ విసురు గాల్లోంచి మన తీగల్లోకి వస్తోంది."

"గాల్లోంచా?" అన్నాడు నిచ్చెన.

"రేడియోలోకి పాట ఎలా వస్తుంది బాబాయ్?"

"మరైతే మన దాంట్లో రేడియో ఏది?"

ఆ ప్రశ్నకు జవాబుగా కోడలు పెట్టె ముందు మోకాళ్ల మీద కూర్చుంది. లోపలికి వెళ్లే తీగలను ఒక్కొక్కటే వేలితో తడుముతూ వచ్చింది. కరెంటు తెచ్చే ప్లస్సు తీగ, కరెంటు తిరిగి వెళ్లే మైనస్ తీగ, మాటలు మోసే తీగ. పెట్టెకు మూడే రంధ్రాలున్నాయి. దీపాల పట్టీ నుంచి వచ్చే తీగలు నాలుగు. నాలుగోది ఎక్కడా కలవకుండా బయటే ఆగిపోయింది. దాని కొసకు నల్లటేపు ముచ్చటగా, ఎక్కడా ముడత లేకుండా చుట్టి ఉంది.

ఆ చుట్టడం చూస్తే ఎవరి చేతిపనో మా ముగ్గురికీ తెలుసు.

"నేనే చుట్టాను," అంది. "ఎంత బాగా చుట్టానో చూడండి."

గోటితో టేపు విప్పింది. లోపల రాగి తీగ వెంట్రుకల్లా మెరిసింది. పన్నెండు వోల్టుల పట్టీ కాబట్టి భయం లేదు. అప్పుడు పట్టాల మీద బండి లేదు, దీపాలు నెమ్మదిగా తెల్లగా పారుతున్నాయి. తను చూపుడువేలి కొసను ఆ రాగికి ఆనించింది.

వంతెన అంతా ఒక్కసారిగా రంగులు కక్కింది. వేలు తీసింది. తెలుపు. ఆనించింది. ఆ చివర దీపం దాకా మళ్లీ అదే రంగుల తుఫాను. తీసింది. తెలుపు.

కాలేజీలో మనిషి శరీరం కూడా గాల్లోని విద్యుత్తును పట్టుకుంటుందని చదివాను, పరీక్షలో రాసి మార్కులు కూడా తెచ్చుకున్నాను. కానీ ఇంట్లో కూరలో ఉప్పు చూసే ఆ ఒక్క వేలి కొస, ఊరి రెండు సగాలను కలిపే వంతెన మొత్తాన్ని ఇలా మార్చేయడం కళ్లారా చూసిన తర్వాత, నేను చదివిందంతా ఆ రోజే మొదటిసారి అర్థమైనట్టనిపించింది. నిచ్చెన మా వెనకాల నోరు తెరుచుకుని నిలబడిపోయాడు. ఆయన నోరు తెరిచి మాట్లాడకపోవడం నేను చూడటం అదే మొదలు.

"ఆ నాలుగో తీగ దేనికమ్మా?" అని అడిగాను.

"ప్రతి దీపానికీ రెండు చెవులుంటాయి మామయ్యా. ఒకటి పక్కదాని మాట వింటుంది. రెండోది ఆ పక్కదాని అవతల ఉన్నదాని మాట వింటుంది, ఈ నాలుగో తీగలోంచి. మధ్యలో ఒకటి పోయిందనుకోండి, దాని తర్వాతది ఆగిపోదు. పోయినదాని అవతలి నుంచి విని సాగిపోతుంది."

నేను మూతలో చల్లారిన టీ తాగేసి, దాన్ని ఫ్లాస్కుకి బిగించాను.

"మరి మొదటి దీపానికి ముందు ఎవరున్నారు?"

"ఎవరూ లేరు. ఎవరూ లేరనే సంగతి దానికి చెప్పాలి. ఈ తీగను మైనస్‌కి కలిపితే చెప్పినట్టు. నేను చెప్పలేదు. చెవి తెరిచి, అలా వదిలేశాను. ఇంజను ఏదో గొణిగితే తనకే చెబుతున్నారనుకుని నమ్మేసింది. నమ్మి అందరికీ చెప్పింది."

నిచ్చెన దగ్గరికొచ్చి ఆ టేపు ముక్కను తీసుకుని చూశాడు. "వాడని తీగ కనిపిస్తే కొస కత్తిరించి, టేపు చుట్టి పక్కన పెట్టెయ్యమని నేర్పింది నేనే కదే."

"ఇళ్లల్లో అదే రైటు బాబాయ్. ఆ అలవాటు లేకపోతే ఈపాటికి నేను ఎన్ని షాకులు తినేదాన్నో. నేను చూసుకోకుండానే చెయ్యి దానంతటదే చుట్టేసింది. అంత బాగా నేర్పావు."

"తిడుతున్నావా, పొగుడుతున్నావా?"

"ముందు ఆ స్క్రూడ్రైవరు ఇలా ఇవ్వు. రాత్రి భోజనాల దగ్గర తేల్చుకుందాం."

మైనస్ తీగ ఉన్న రంధ్రంలోనే నాలుగో తీగను కూడా దూర్చి బిగించింది. తర్వాత ఆ రాగి మీద వేలు ఆనించింది. తెలుపు. పిడికిలితో పట్టుకుంది. తెలుపే. నన్నూ ముట్టుకోమంది. ముట్టుకున్నాను. నా వేలికీ అది చలించలేదు. తల మీద అల అలా పారుతూనే ఉంది.

అప్పుడు కనిపించింది నాకు. వంతెన మధ్యకు కాస్త ఇవతల ఒక దీపం వెలగడం లేదు. పొద్దుటి గందరగోళంలో ఎవరూ గమనించలేదు. అల దాని దాకా వచ్చి, ఒక చుక్కంత చీకటిని దాటి, అవతల మళ్లీ అదే తెలుపుతో, అదే వేగంతో సాగిపోతోంది.

"అది పోయింది మామయ్యా. మారుస్తాను, ఒక్క నిమిషం," అంటూ తను లేవబోయింది.

"ఇప్పుడొద్దమ్మా. బండి వేళయింది."

అది నిజమే. కానీ నేను వెళ్లి ఆ దీపం కింద నిలబడ్డాను. అల ఎన్నిసార్లు వచ్చినా అక్కడ తడబడలేదు. చీకటి చుక్కకు ఆనుకుని ఉన్న దీపం అన్నిటితో పాటే, ఒకింత కూడా వెనకబడకుండా వెలుగుతోంది. మెడ నొప్పి పుట్టేదాకా చూశాను.

వెలుతురు సన్నగిల్లేసరికి స్టేషన్ మాస్టరుగారు చేతిలో వాకీటాకీతో మళ్లీ పైకొచ్చారు. "ఏం తేలింది?" అన్నారు. కోడలు నాలుగో తీగ చూపించి రెండు ముక్కల్లో చెప్పింది. ఆయన విన్నారు, తల ఊపారు, చేతులు కట్టుకుని నిలబడ్డారు. నమ్మాను అనలేదు. నమ్మను అనీ అనలేదు. వంతెన మీద వెళ్లేవాళ్లు ఎందుకో తెలియకపోయినా మమ్మల్ని చూసి ఆగారు. కూరగాయల పెద్దావిడ ఖాళీ సంచితో తిరిగి వస్తూ నిచ్చెన పక్కన నిలబడింది.

"వంద అయ్యాయా?"

"రేపటివి కూడా అయిపోయాయి పెద్దమ్మా."

పాసింజరు వచ్చి ఆగింది. దూరంగా ఇంజను అద్దం వెనక ఉన్నది మా అబ్బాయి. ఇంత దూరం నుంచి మనిషి కంటికి ఆనడు. కోడలు ఆ వైపు చూడలేదు. పైకప్పు వైపే చూస్తోంది. తన చెయ్యి రైలింగు మీద ఉంది, వేళ్లు తెల్లబడేంత గట్టిగా.

కూత వేసింది. పట్టాల మీది తీగ సన్నగా జుమ్మంది. ఇంజను లోపల ఎక్కడో ఒక బరువు మేల్కొని లాగడం మొదలెట్టింది. అంతటి ఇనుమునూ అంతమంది మనుషులనూ కదిలించే ఆ శక్తి మా కాళ్ల కింద తీగలోంచే పోతోందని ఇప్పుడు నాకు తెలుసు. అది కనిపించదు, కానీ జాలీ అవతల గాలి నిండా అదే ఉంది. దాని మధ్యే ఆవగింజలో సగం ఉండే ఆ బుర్రలు తమ మాట తాము ఉంచుకుని, మిగతావి పక్కవాళ్లకు అందించుకుంటూ, దేన్నీ పట్టించుకోకుండా తమ పని తాము చేసుకుంటున్నాయి. తెల్లటి అల ఆ చివరికి చేరింది. వెనక్కి తిరిగింది. ఎవరో చిన్నగా "అబ్బ" అన్నారు. ఇంజను వంతెన కిందికి వచ్చింది, కాళ్ల కింద పలకలు అదిరాయి, కిటికీల వెలుగులన్నీ మా కింద నుంచి ఒక ఏరులా పారాయి. పైన ఒక తెల్లటి ఏరు, కింద ఒక పసుపు ఏరు. మధ్యలో మేము నిలబడ్డాం.

ఆఖరి పెట్టె దాటిపోయాక వాకీటాకీ గరగరలాడింది.

"స్టేషన్, మీరు చూడమన్న వంతెన చూశాను. ఎరుపు లేదు. పచ్చ లేదు. తెలుపే." మా వాడి గొంతు. డ్యూటీలో ఉన్నప్పుడు వాడి గొంతు ఎప్పుడూ అంత పొడిగానే ఉంటుంది. ఒక క్షణం ఆగి మళ్లీ వచ్చింది. "కట్టినవాళ్లకి చెప్పండి సార్, బ్రేకు వెయ్యాలనిపించింది. భయంతో కాదు."

"డ్రైవరుగారూ, ముందు దారి చూసుకోండి," అన్నారు స్టేషన్ మాస్టరుగారు. వాకీటాకీ దించాక కోడలి వైపు తిరిగారు. "పొద్దున్న దించక్కర్లేదమ్మా. సెలవులు అయ్యేదాకా ఉండనివ్వండి." రెండడుగులు వేసి ఆగి, "అయ్యాక కూడా ఒకటి రెండు రోజులు," అని మెట్లు దిగిపోయారు.

కోడలు రైలింగు వదిలింది. వేళ్లు విదిలించుకుని, మోకాలికి ఇందాకటి నుంచీ అంటుకుని ఉన్న టేపు ముక్కను అప్పుడే గమనించినట్టు పీకింది. కళ్లు తుడుచుకోవడానికి ఇంకో చెయ్యి వాడింది. నిచ్చెన అటు తిరిగి నిచ్చెన మడవడంలో పడ్డాడు.

"మామయ్యా, పెట్టె మూసేయాలి. ఇంకొక్కసారి కొలుద్దాం."

మీటరు తన చేతిలోనే ఉంది. పెట్టె తలుపుకి దాన్ని తగిలించడానికి చక్కటి మేకు కూడా ఉంది. తను ఆ మేకు వైపు చూసింది, మీటరు నా చేతికిచ్చింది.

"పట్టుకోండి," అంది.

పట్టుకున్నాను. "పన్నెండు," అన్నాను. "పన్నెండే."